ఆన్ కార్సన్ ‘నాక్స్’: మూడు వేల నాలుగొందల అట్టపెట్టె

ముందు ధర చెప్పేస్తాను, ఎందుకంటే మా గుంటూరు బ్రాడీపేటలో ఈ పుస్తకం పెట్టె చూసినవాళ్లంతా మొదట అడిగింది అదే. 3,400 రూపాయలు. తెరిస్తే ఒక పక్క లాటిన్ మాటలకు అర్థాలు, ఇంకో పక్క చిరిగిన ఉత్తరం ముక్కలు, పాత ఫోటోలు, అక్కడక్కడా నాలుగైదు వాక్యాలు. దీనికి అంత పెట్టాలా అంటే నా వరకు నేను పెట్టాలనే అంటాను, అందరికీ మాత్రం అనను. ఎవరికి అంటానో ఎవరికి అననో చెప్పడానికే ఇది రాస్తున్నాను, కాస్త పొడవవుతుంది.

పేరు ‘నాక్స్’. లాటిన్‌లో రాత్రి అని అర్థం. చేసింది ఆన్ కార్సన్, కెనడా కవయిత్రి. రాసింది అనకుండా చేసింది అని ఎందుకన్నానంటే ఇది మొదట అచ్చు కోసం పుట్టింది కాదు. 2000లో ఆవిడ అన్న మైకేల్ డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో చనిపోయాడు. ఆ తర్వాత ఆవిడ ఒక నోటుపుస్తకం ముందేసుకుని అందులో అన్న ఫోటోలు, అన్న ఉత్తరం ముక్కలు, తను టైపు చేసుకున్న కాగితాలు అంటించుకుంటూ, స్టేపుల్ కొట్టుకుంటూ, రంగు పూసుకుంటూ పోయింది. ఉన్నది ఒక్కటే ప్రతి. దాన్ని పదేళ్ల తర్వాత, 2010లో, న్యూయార్క్‌లోని న్యూ డైరెక్షన్స్ ప్రచురణ సంస్థ ఉన్నదున్నట్టు నకలు తీసి పెట్టెలో పెట్టి అమ్మింది. ఆ నకలు తయారు చేయడంలో ఆవిడ భర్త రాబర్ట్ కరీ చేయి కూడా ఉంది.

నేను దీన్ని రెండుసార్లు కొన్నాను. మొదటిసారి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్శిల్ ఒక మూల నలిగిపోయి వచ్చింది, పెట్టె మూత విరిగింది, మడతల దగ్గర రెండు చోట్ల కాగితం చిరిగింది. మామూలు పుస్తకమైతే సర్దుకునేదాన్ని. దీనికి పెట్టె, మడత, కాగితం అన్నీ బాగుంటేనే పుస్తకం, ఆ మాటే ఫోన్‌లో చెప్తే చదవడానికి పనికొస్తుంది కదా మేడమ్ అన్నారు. రెండు వారాలు వెంటపడితే గానీ డబ్బు తిరిగి రాలేదు. రెండోసారి విజయవాడ వెళ్లి ఏలూరు రోడ్డులో నేను చాలా ఏళ్లుగా కొంటున్న ఒక చిన్న కొట్లో చెప్పాను. ఆయన పేరూ ఐఎస్‌బీఎన్ నంబరూ చీటీ మీద రాసుకుని, వెయ్యి అడ్వాన్సు ఇవ్వండమ్మా, ఐదు వారాలు పట్టొచ్చు అన్నాడు. ఆరో వారంలో ఫోన్ చేశాడు. వెళ్తే కౌంటర్ మీద న్యూస్‌పేపరు పరిచి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగానే పెట్టె విప్పి మొదటి మడత నుంచి చివరి మడత దాకా నిదానంగా తిప్పి చూసి, బాగుందమ్మా తీసుకెళ్లండి అన్నాడు. ఆన్‌లైన్‌లో రెండొందలు తక్కువకే దొరుకుతుంది. ఆ రెండొందలు ఇలాంటి మనిషికి ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక వస్తువు. బూడిద రంగు పెట్టె, చేతిలో పట్టుకుంటే ఇటుక అంత బరువు. మీద ఒక సన్నటి ఫోటో ముక్క, ఈత కళ్లద్దాలు పెట్టుకున్న చిన్న పిల్లవాడు. మూత తీస్తే లోపల పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుని హార్మోనియం తిత్తిలాగా మడతలు మడతలుగా ఉంటాయి. కుట్టు లేదు, వెన్ను లేదు, పేజీ నంబర్లు లేవు. పుస్తకంలాగా పట్టుకుని తిప్పొచ్చు, లేదా చాప మీద పెట్టి లాగుతూ పోవచ్చు. నేను లాగితే మా హాలు చాల్లేదు, సగం మడిచే ఉంచాల్సి వచ్చింది. అచ్చు ఒక వైపే, వెనకంతా తెల్ల కాగితం. ఎంత బాగా తీశారంటే స్టేపుల్ పిన్ను కనిపించిన చోట వేలు పెట్టి చూస్తే నున్నగా తగులుతుంది, అప్పుడు గానీ అది బొమ్మ అని నమ్మకం కుదరదు. అంటించిన కాగితం అంచు నీడ, వెనక పేజీలోంచి ఇంకిన మరక, గట్టిగా రాస్తే పడే ఒత్తు, అన్నీ వచ్చాయి. మా అమ్మ కూడా గోటితో గీకి చూసింది.

లోపలి కథ చాలా చిన్నది. మైకేల్ ఆవిడకంటే పెద్దవాడు. చిన్నప్పుడు చెల్లెలు వాడి వెనకే తిరిగేది, వాడు ఆవిడను ఒకసారి ప్రొఫెసర్ అని, ఒకసారి పిన్‌హెడ్, అంటే మట్టిబుర్ర, అని పిలిచేవాడు. 1978లో జైలుకు వెళ్లాల్సి వస్తుందని దేశం వదిలి పారిపోయాడు. దొంగ పాస్‌పోర్టు, వేరేవాళ్ల పేర్లు. యూరప్‌లో తిరిగాడు, ఇండియాలోనూ తిరిగాడు. ఈ వాక్యం దగ్గర నేను ఆ రోజుకు పెట్టె మూసేశాను. ఆ డెబ్భైల చివర్లో మన ఏ రైల్వే ప్లాట్‌ఫారం మీదనో, ఏ టీకొట్టు దగ్గరో ఈ మనిషి నిలబడి ఇంటికి పోస్టుకార్డు రాసి ఉంటాడు కదా అనిపించింది. తిరిగి జవాబు రాయడానికి అడ్రసు ఉండేది కాదు వాటి మీద. ఇరవై రెండేళ్లలో ఫోన్ చేసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉత్తరం అంటూ రాసింది ఒక్కటే, తల్లికి, తను ప్రేమించిన అమ్మాయి చనిపోయిన చలికాలంలో. ఆ ఒక్క ఉత్తరాన్నే కార్సన్ ముక్కలు ముక్కలుగా చించి పెట్టె పొడుగునా అంటించింది, ఒకచోట నాలుగు మాటలు, పది మడతల తర్వాత ఇంకో రెండు మాటలు. చివరికి అతను పోయాక అతని భార్యకు ఈ చెల్లెలి ఫోన్ నంబరు వెతికి పట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది. అప్పటికి అంతా అయిపోయింది. బూడిద సముద్రంలో కలిపేశారు.

ఇంతే తెలుసు ఆవిడకు అన్న గురించి. మామూలుగా ఎవరైనా తెలియనిచోట ఊహించి పూరిస్తారు, ఈవిడ ఆ పని చేయలేదు. హెరోడోటస్ అనే పాత గ్రీకు చరిత్రకారుణ్ణి పక్కన పెట్టుకుని, హిస్టరీ అనే మాట పుట్టిందే గ్రీకులో అడగడం అనే మాటలోంచి అని చెప్తూ, అడగడం దగ్గరే ఆగిపోయింది. అడుగుతూ పోతుంది, జవాబు రాదు, వచ్చినంత వరకే అంటిస్తుంది. నాకు ఈ నిజాయితీ చాలా నచ్చింది.

ఇప్పుడు ఆ లాటిన్ సంగతి. రెండు వేల ఏళ్ల కింద రోమ్‌లో కటల్లస్ అని ఒక కవి. అతని సోదరుడు ట్రాయ్ ప్రాంతంలో, ఇల్లు వదిలి చాలా దూరాన చనిపోయాడు. కటల్లస్ ఉద్యోగం మీద అటువైపు వెళ్లినప్పుడు ఆ సమాధి దగ్గర నిలబడి పది పాదాల పద్యం చెప్పాడు. అతని పద్యాల్లో దాని సంఖ్య 101. సరిగ్గా 63 మాటలు. కార్సన్ దీన్ని హైస్కూల్లో లాటిన్ క్లాసులో మొదట చదివింది, అప్పట్నుంచి ఎన్నోసార్లు అనువాదం చేయబోయి తృప్తి పడలేదు. అన్న పోయాక ఏం చేసిందంటే, పెట్టెలో ఎడమ పేజీలన్నీ ఈ మాటలకే ఇచ్చేసింది. మాట పైన, కింద నిఘంటువులో ఉన్నట్టు దాని అర్థాలు, వాడకాలు, ఉదాహరణలు. ‘ఎట్’ అంటే మరియు. అంత చిన్న మాటకు కూడా పేజీ.

ఇది చూడగానే మా నాన్న గుర్తొచ్చారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడు. పద్యం బోర్డు మీద రాసి, అడ్డగీతలతో విడగొట్టి, ప్రతిపదార్థం చెప్పించి, అన్వయం కుదిర్చి, ఆఖర్న తాత్పర్యం రాయించేవారు. ప్రతిపదార్థం రాకుండా తాత్పర్యం రాసినవాణ్ణి నిలబెట్టేవారు, మాట తెలియకుండా మనసు తెలిసిందంటావేంట్రా అని. మనలో తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఎవరైనా ‘నాక్స్’ ఎడమ పేజీ చూస్తే లాటిన్ రాకపోయినా వెంటనే ఇంట్లో ఉన్నట్టు అనిపిస్తుంది. అమెరికావాళ్లకు ఇది వింత ప్రయోగంగా కనిపించి ఉండొచ్చు, మనకు ఎనిమిదో తరగతి నోట్సు. తేడా ఎక్కడంటే ఈవిడ ప్రతిపదార్థం పెట్టె నిండా రాసి తాత్పర్యం దగ్గర చేయి వెనక్కి తీసుకుంది. ఒకచోట పద్యానికి తన అనువాదం ఇస్తుంది, బాగానే అర్థమవుతుంది. చివరికొచ్చేసరికి ఒక కాగితం ఉంటుంది, తడిసి నలిగి అక్షరాలు పాకిపోయి చదవడానికి వీల్లేకుండా.

ఇంకో సంగతి నాకు మొదటిసారి చదివినప్పుడు పట్టలేదు. పద్యంలో ‘నాక్స్’ అనే మాట లేదు, 63లో ఒక్కచోట కూడా. మరి పేరు ఎక్కడిది? రెండోసారి ఎడమ పేజీలు ఓపిగ్గా చదివితే దొరికింది. అర్థాలు చెప్తున్నట్టే చెప్తూ ఉదాహరణల్లోకి ఆవిడ రాత్రిని తెచ్చి పెట్టేసింది. ఏ మాట తీసుకున్నా ఎక్కడో ఒక మూల రాత్రి. ఆవిడ లాటిన్, గ్రీకు ప్రొఫెసర్ కాబట్టి నిఘంటువు భాష అంత నమ్మకంగా వస్తుంది, అందులోకి ఏడుపు తెలియకుండా దిగిపోతుంది. 3,400 దేనికి అంటే ఎక్కువ భాగం దీనికే ఇచ్చాను అంటాను నేను.

అర్థాలు అన్నీ ఇచ్చారు కదా అని నాన్న పద్ధతిలో తెలుగులోకి తెచ్చుకుందామని నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను. ముల్టాస్ పెర్ గెంటెస్, అనేక జనాల గుండా. ముల్టా పెర్ ఐక్వొరా, అనేక సముద్రాల మీదుగా. వెక్టుస్, మోయబడి. ఇక్కడిదాకా బాగానే నడిచింది. తర్వాత ‘ఫ్రాటెర్’ దగ్గర ఆగిపోయాను. పద్యంలో మూడుసార్లు పిలుస్తాడు ఆ మాటతో. సోదరా అని రాస్తే అది సభలో మైకు ముందు మాట, సమాధి దగ్గర ఎవరూ అలా పిలవరు. మనం పిలవాలంటే అన్నా అనాలి, లేకపోతే తమ్ముడూ అనాలి, వాడు పెద్దో చిన్నో తేలాలి. కటల్లస్ చెప్పలేదు. నేను అన్నయ్యా అని రాసేశాను. తప్పో ఒప్పో నాకు వేరే మాట రాలేదు.

‘మూనుస్’ అని ఇంకో మాట, రెండుసార్లు వస్తుంది. దానికి కానుక అని అర్థం, చేసి తీరాల్సిన బాధ్యత అని అర్థం, చనిపోయినవాళ్లకు చేసే క్రతువు అని కూడా. ఇంగ్లీషులో దేనికదే వేరు మాట కావాలి. మనకు కర్మ ఉంది. పని, విధి, పదకొండో రోజున చేసేది, నెత్తి కొట్టుకుంటూ అనేది, అన్నీ అదే. ‘మూటమ్ కినెరెమ్’ అంటే మూగ బూడిద. దానితో ‘నెక్విక్వమ్’, ఊరికే, ఫలితం ఏమీ లేదని తెలిసి, మాట్లాడటానికి వచ్చానంటాడు. పెద్దల నాటి ఆచారం ప్రకారం తెచ్చినవి ఇవి, కన్నీళ్లతో తడిసినవి, తీసుకో అంటాడు. సీతానగరం ఘాట్‌లో నువ్వులూ నీళ్లూ వదిలేవాళ్లకు ఇందులో అర్థం కానిది ఏముంది?

చివరి మాటలు ‘ఆవే అట్క్వే వాలే’. నమస్కారం, ఇక సెలవు. దీన్ని తెలుగు చేయడం నా వల్ల కాలేదు. మనం ఎవరింటి నుంచి లేచినా వెళ్లొస్తాను అంటాం, అందులో మళ్లీ రావడం ఉంది. చావు జరిగిన ఇంట్లో మాత్రం ఆ మాట అనకూడదు, చెప్పకుండా లేచి వచ్చేయాలి. అంటే ఆఖరిసారి విడిపోయేటప్పుడు అనడానికి మన దగ్గర మాట లేదు, మౌనమే ఉంది. నోటుబుక్కులో ఆ చోటు ఖాళీగానే వదిలేశాను.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. మా అన్నయ్య మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవాడు. 2004లో సరుకు తీసుకున్న వాళ్లు డబ్బు ఇవ్వకుండా తిప్పారు, రైతులు రోజూ ఇంటి అరుగు మీద కూర్చునేవారు, వాళ్ల తప్పేం లేదు, వాళ్ల ఏడాది కష్టం అది. ఒక రాత్రి అన్నయ్య లేచి వెళ్లిపోయాడు. తర్వాత ఏడాదికోసారి, రెండేళ్లకోసారి ఏదో కాయిన్ బాక్సు నుంచి ఫోన్. అమ్మ ఎలా ఉంది, నీ పిల్లలు ఏం చదువుతున్నారు, ఉంటాను. ఎక్కడున్నావు అంటే దూరంగా ఉన్నానురా అనేవాడు. 2013లో నాగపూర్ దగ్గర ఒక దాబాలో పనిచేస్తూ చనిపోయాడు. ఆ దాబా యజమానికి అన్నయ్య సంచిలో మా నంబరు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. మేం వెళ్లేటప్పటికి కుండ ఒక్కటే మిగిలింది. తెచ్చి కృష్ణలో కలిపాం, 2016 పుష్కరాల్లో పిండం పెట్టించాం. రెండు వారాలు పట్టింది అనే వాక్యాన్ని కార్సన్ ఎంత మామూలుగా రాసిందో, ఆ మామూలుతనం వెనక ఏముందో నాకు తెలుసు. ఇలా తెలిసినవాళ్లు ఈ గుంటూరు, విజయవాడల్లో నేనొక్కదాన్నే కాదు, అప్పులకు ఊరు వదిలినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ల అక్కచెల్లెళ్లకు ఈ పెట్టె చూపించాలని ఉంటుంది నాకు.

ఆవిడ జీవితం గురించి కూడా కొంచెం. 1950 జూన్ 21న టొరంటోలో పుట్టింది. తండ్రి బ్యాంకులో పనిచేసేవాడు, బదిలీల వల్ల ఒంటారియోలోని చిన్న ఊళ్లన్నీ తిరిగారు. పోర్ట్ హోప్ అనే ఊళ్లో హైస్కూల్లో ఉండగా లాటిన్ టీచరు ఈవిడ ఆసక్తి చూసి మధ్యాహ్నం భోజనం గంటలో గ్రీకు నేర్పించింది. ఆ గంటే తర్వాత మొత్తం బతుకయింది. టీచర్ల పిల్లగా నాకు ఈ సంగతి చాలా ఇష్టం, జీతంలో లేని గంట అది. టొరంటో యూనివర్సిటీలో చేరి రెండుసార్లు చదువు మానేసి వెళ్లిపోయింది, మళ్లీ వచ్చింది, చివరికి 1981లో అక్కడే శాఫో అనే పాత గ్రీకు కవయిత్రి మీద పీహెచ్‌డీ చేసింది. ఆ పరిశోధనే 1986లో ‘ఈరోస్ ది బిటర్‌స్వీట్’ అనే పుస్తకం అయింది. తర్వాత ప్రిన్స్‌టన్‌లో, మాంట్రియల్ మెక్‌గిల్‌లో, మిషిగన్‌లో పాఠాలు చెప్పింది. అంటే జీవితమంతా గ్రీకు, లాటిన్ టీచరు, కవిత్వం ఆ పక్కన పెరిగింది. మొదటి కవితల పుస్తకం ‘షార్ట్ టాక్స్’ 1992లో వచ్చేసరికి నలభై దాటాయి.

అవార్డుల జాబితా చదివితే గబగబా వెళ్లిపోతుంది: 2000లో మెక్‌ఆర్థర్ ఫెలోషిప్, 2001లో మొట్టమొదటి గ్రిఫిన్ బహుమతి, అదే ఏడాది టీ.ఎస్. ఎలియట్ బహుమతి, అది గెలిచిన మొదటి మహిళ ఈవిడే. 2014లో మళ్లీ గ్రిఫిన్. 2020లో స్పెయిన్ వాళ్ల ప్రిన్సెస్ ఆఫ్ ఆస్టురియాస్. నాకు వీటికంటే ముఖ్యమైంది, ఈవిడ ప్రతి పుస్తకమూ ఏదో ఒక విరిగిన వస్తువు చుట్టూ ఉంటుంది. శాఫో కవిత్వం పాపిరస్ ముక్కల్లో చిరిగి దొరికింది కదా, 2002లో దాన్ని ఇంగ్లీషు చేసినప్పుడు చిరిగినచోటల్లా చదరపు బ్రాకెట్లు పెట్టి ఖాళీ వదిలేసింది. కొన్ని పేజీల్లో బ్రాకెట్ల మధ్య రెండు మాటలే. ‘ఆటోబయోగ్రఫీ ఆఫ్ రెడ్’ 1998లో వచ్చింది, స్టెసికోరస్ అనే పాత గ్రీకు కవి రాసిందాంట్లో ముక్కలే మిగిలితే, అందులో హెర్క్యులిస్ చంపేసిన ఎర్రటి రాక్షసుణ్ణి తీసుకుని కెమెరా పట్టుకుని తిరిగే సిగ్గరి కుర్రాణ్ణి చేసింది, వాడికి రెక్కలు ఉంటాయి, కోటు కింద దాచుకుంటాడు. అన్న విషయంలోనూ ఆవిడ చేసింది శాఫోకు చేసినట్టే అని నాకు ‘నాక్స్’ పూర్తయ్యాక అనిపించింది. దొరికిన ముక్క దొరికినట్టు పెట్టి, చిరిగినచోట చిరిగిందని చూపించింది.

అందుకే ఆవిణ్ణి ఇంతవరకు చదవనివాళ్లు దీనితో మొదలుపెట్టకండి. ‘గ్లాస్, ఐరనీ అండ్ గాడ్’ అనే 1995 పుస్తకంలో ‘ది గ్లాస్ ఎస్సే’ అనే పొడుగు కవిత ఉంది. ప్రేమించినవాడు వదిలేశాక ఒకావిడ అమ్మ దగ్గరకు వెళ్తుంది, వంటగదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని సరిగ్గా మాట్లాడుకోలేరు, ఆసుపత్రిలో తండ్రికి మతిమరుపు. ఇంగ్లీషు తేలికగా ఉంటుంది, మామూలు పేపర్‌బ్యాక్, నేను ఏలూరు రోడ్డు కొట్లోనే ‘నాక్స్’ ధరలో నాలుగో వంతుకు తెప్పించుకున్నాను. అది చదివి ఇంకా కావాలనిపిస్తే అప్పుడు ‘నాక్స్’ దగ్గరకు రండి. ఇంటర్, డిగ్రీ పిల్లలకు ‘ఆటోబయోగ్రఫీ ఆఫ్ రెడ్’ బాగుంటుంది, మా అమ్మాయి రెండు రాత్రుల్లో పూర్తి చేసింది.

లోపాలు ఉన్నాయి. ఎడమ పేజీల్లో కాగితం పసుపుపచ్చగా, అక్షరాలు వెలిసినట్టు ఉంటాయి, కావాలనే అలా చేశారు గానీ నలభై దాటిన కళ్లకు ట్యూబ్‌లైటు కింద కష్టం. పొద్దున్న వరండాలో వెలుతురుకు చదవాలి. ఉత్తరం ముక్కలు చేతిరాతలో ఉంటాయి, కొన్ని నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఫ్యాను వేసుకుని చదవడం కుదరదు, గాలికి మడతలు లేచి జారిపోతాయి, ఒకసారి జారితే మొత్తం నేల మీదకు వచ్చేస్తుంది, తిరిగి మడిచేటప్పుడు ఒక మడత తప్పు పడిందంటే అక్కడ గీత పడిపోతుంది. మన ఊళ్లో మార్చి నుంచి ఫ్యాను లేకుండా కూర్చోలేం కాబట్టి నేను డిసెంబరు, జనవరిల్లోనే బయటికి తీస్తాను. వానాకాలంలో చెమ్మకు పెట్టె మూత కాస్త ఉబ్బింది, ఇప్పుడు పాత కాటన్ చీర ముక్కలో చుట్టి బీరువా పై అరలో పెడుతున్నాను. గ్రంథాలయాలకు ఇది కొనమని మాత్రం నేను చెప్పను, పది చేతులు మారితే మిగలదు.

ఇంకొకటి, చేతిరాత సంగతి ఎత్తాను కాబట్టి. కార్సన్‌కు పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు వచ్చింది, దానివల్ల తన చేతిరాత ఎలా మారిపోతోందో ఆవిడే 2024లో ఒక వ్యాసంలో రాసింది. అదే ఏడాది ‘రాంగ్ నోర్మా’ అనే కొత్త పుస్తకం కూడా తెచ్చింది. ఆ విషయం తెలిశాక ‘నాక్స్’లో గమ్ము మరకలు, వంకరగా కత్తిరించిన అంచులు చూస్తుంటే, స్థిరంగా ఉన్న ఒక చేయి పని కూడా ఇందులో భద్రంగా ఉండిపోయింది కదా అనిపిస్తుంది.

మొన్న సంక్రాంతికి అమ్మ నా దగ్గరే ఉంది. ఎనభై ఒకటి ఆవిడకు, ఇంగ్లీషు రాదు. చాప మీద పెట్టె తెరిచి కూర్చుంటే వచ్చి పక్కన కూర్చుంది, ఈత కళ్లద్దాల పిల్లవాణ్ణి చూసి ఎవరమ్మా ఈ బాబు అంది. చెప్పాను. ఊరొదిలి వెళ్లిపోయాడని, ఇరవై రెండేళ్లు తిరిగాడని, మన దేశమూ వచ్చాడని. వాడి కోసం దేవుణ్ణి వేడుకుంటే అటునుంచి ఏమీ రావడం లేదని వాళ్లమ్మ కూతురితో అందని కూడా చెప్పాను, ఆ మాట పుస్తకంలో ఉంది. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వాడు పోయాడని తెలిసినప్పుడు ఆవిడ ఉందా అని అడిగింది.

లేదమ్మా, 1997లోనే పోయింది, కొడుకు కంటే మూడేళ్లు ముందు అన్నాను.

అదృష్టవంతురాలు, అంది అమ్మ, ఆ ఫోటో మీద వేలు పెట్టి.